పాలనురుగు పాన్పు

పడక విషయంలో మన కవులకున్న విలాసం రాజులకు కూడ ఉండి ఉండదు. హంసతూలికా తల్పమన్నారు, పూలపాన్పన్నారు, పాలకడలిలో శేషపాన్పన్నారు. కడకు యుద్ధభూమిలో ఒరిగిన వృద్ధునికి సైతం అంపశయ్య నొకదానిని అమర్చిపెట్టారు. వీటన్నిటిలోను నాకు ముచ్చటగొలిపే పోలిక మరొకటి ఉంది. సంస్కృత భాగవతం దశమస్కంధంలో కుచేలుడు ద్వారక నుండి తిరిగివచ్చి చూసేసరికి పూరిపాక ఉన్నచోట మేడ వెలసి ఉంటుంది. ఆ మేడలోని పడకలు పాలనురుగును పోలి ఉన్నాయని అక్కడ వర్ణన. తెల్లదనానికీ మెత్తదనానికీ అంతకు మించిన పోలిక దొరకదు గనుక కవి ఆ మాట అన్నాడు. నిజంగా నురుగు మీద మనిషి పడుకోగలడని మాత్రం అనుకొని ఉండడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ పని జరిగింది. చెట్టుపాలను చిలికి నురుగు చేసి, ఆ నురుగు అణగిపోకముందే తోడుపెట్టి, ఆవిరిలో ఉడికించి, దాని మీద మనుషులను పడుకోబెట్టారు. లేటెక్స్ ఫోమ్ అని దానికి వ్యాపారంలో పేరు. ఇప్పుడు మన నగరాల పరుపుల దుకాణాలలో ఖరీదైన వరుసలో ఉండేవి ఈ పరుపులే. వాటికి తగిలించిన చీటీల మీద తరచుగా కనబడే మాట, ‘నూటికి నూరుపాళ్లు సహజం’. ఆ మాటను గురించే ఈ టపా.

ముందే మనవి చేసుకుంటాను. నా అభ్యంతరం పరుపు మీద కాదు, మాట మీద. రబ్బరుపాల నురుగుతో చేసిన పరుపు మంచి వస్తువు. కాని ‘సహజం’ అనే ఆ మూడక్షరాలు రెండు సంగతులను తుడిచిపెడుతున్నాయి. మొదటిది, చెట్టుకు గాటుపెట్టిన చెయ్యి. రెండవది, పాలను పరుపుగా మార్చిన బుద్ధి. ఈ రెండూ లేకుండా చెట్టు తనంత తాను పరుపును కన్నట్లు చెప్పడం అందమైన అబద్ధం. అందమైన అబద్ధానికి కావ్యంలో చోటున్నది గాని, వేలకు వేలు పోసి కొనే వస్తువు చీటీ మీద లేదు.

లేటెక్స్ అన్నది లాటిన్ మాట. ద్రవమని దాని అర్థం. మనకు అంతకన్న మంచి మాటే ఉంది. జిల్లేడు, మర్రి, జెముడు – గాటుపెడితే తెల్లగా కారేదానినంతా మనవాళ్లు పాలనే అన్నారు. రబ్బరు చెట్టు నుండి వచ్చేవి రబ్బరుపాలు. ఈ చెట్టు మనది కాదు, అమెజాన్ అడవులది. 1876లో హెన్రీ వికమ్ అనే ఆంగ్లేయుడు బ్రెజిల్ నుండి సుమారు 70,000 గింజలను లండను సమీపంలోని క్యూ ఉద్యానానికి చేర్చాడు. మొలిచినవి మూడు వేల లోపే. ఆ మొక్కలు సింహళానికి, అక్కడి నుండి ఆగ్నేయాసియాకు వ్యాపించాయి. చెట్టును చంపకుండా పాలు తీసే పద్ధతిని సింగపూరు ఉద్యానంలో హెన్రీ రిడ్లీ 1890లలో స్థిరపరచాడు. జేబుల నిండా గింజలు వేసుకొని తిరుగుతూ కనబడిన తోట యజమానికల్లా పెట్టమని చెప్పేవాడట. ‘పిచ్చి రిడ్లీ’ అని పేరుపెట్టారు. కేరళలో పెరియారు ఒడ్డున తట్టేక్కాడులో తొలి వాణిజ్య తోట 1902లో వెలసింది. మన మన్యంలో మారేడుమిల్లి వైపు వెళ్లినవారు అక్కడి రబ్బరు తోటలను చూసే ఉంటారు.

రబ్బరు చెట్టు గాటుకు రావడానికి సుమారు ఏడేళ్లు పడుతుంది. తెల్లవారకముందే, చెట్టులో నీటిఒత్తిడి మెండుగా ఉన్న వేళ, గీతకార్మికుడు తలకు దీపం కట్టుకొని తోటలో దిగుతాడు. (కల్లుగీత తెలిసిన మనకు ఈ పనికి గీత అన్న మాట చక్కగా సరిపోతుంది.) ఎడమ నుండి కుడికి వాలుగా, సుమారు ముప్పై డిగ్రీల వంపులో, బెరడును మిల్లీమీటరుకు కాస్త పైగా చెక్కాలి. పాలనాళాలు బెరడులో మెలితిరిగి పైకి పోతాయి గనుక ఆ వాలులో చెక్కితేనే ఎక్కువ నాళాలు తెగుతాయి. కత్తి ఇంకొంచెం లోతుకు పోతే బెరడును తిరిగి పుట్టించే పొర దెబ్బతింటుంది. ఆ చోట ఇక కాయే మిగులుతుంది. కారిన పాలు కొబ్బరిచిప్పలోనో ప్లాస్టిక్ గిన్నెలోనో పడతాయి. కొన్ని గంటలకు పాలు తామే గడ్డకట్టి గాటును మూసివేస్తాయి. రోజు విడిచి రోజు, లేదా రెండు మూడు రోజులకొకసారి, అదే గాటు కింద మరొక గాటు.

ఇక్కడొక చిన్న లెక్క వేద్దాం. ఆరున్నర అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం ఉన్న పరుపు ఘనపరిమాణం అర ఘనపుమీటరుకు కాస్త తక్కువ. ఈ నురుగు సాంద్రత ఘనపుమీటరుకు 75 కిలోలనుకుంటే పరుపు బరువు 34 కిలోలు; అందులో రబ్బరు 30 కిలోలకు పైగానే. ఒక గాటుకు ఒక చెట్టు ఇచ్చే పొడి రబ్బరు సుమారు 30 గ్రాములు. అంటే ఒక్క పరుపుకు దాదాపు వెయ్యి గాట్లు. చెట్ల లెక్కన చూస్తే ఎనిమిది పది చెట్ల ఏడాది కాపు. మనిషి లెక్కన చూస్తే, తెల్లవారుజామున మూడు నాలుగు వందల చెట్లు గీసే కార్మికునికి మూడు ఉదయాల పని. తోటకూ తోటకూ, ఋతువుకూ ఋతువుకూ ఈ అంకెలు మారతాయి. మొత్తం మీద మన నడుము కింద ఉన్నది వెయ్యి గాట్ల పరుపన్నది మాత్రం మారదు.

ఆ గాట్ల చరిత్ర కూడ మెత్తనిది కాదు. బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ ఏలుబడిలోని కాంగోలో అడవితీగల రబ్బరు కోసం మనుషుల చేతులు నరికిన ఉదంతాలను రోజర్ కేస్‌మెంట్ 1904 నివేదిక లోకానికి తెలియజేసింది. మలయా తోటలలో అంతటి ఘోరం లేకపోవచ్చును గాని, ఉన్నది కూలిబతుకే. తమిళులతో పాటు మన ఉత్తరకోస్తా జిల్లాల నుండి ఓడలెక్కి వెళ్లిన తెలుగువారు కూడ ఆ తోటలలో పనిచేశారు. 1938లో భారత ప్రభుత్వం అక్కడికి కూలీలను పంపడం ఆపివేసే నాటికే వారిలో చాలామంది అక్కడ స్థిరపడ్డారు. నేటి మలేషియా తెలుగువారిలో పలువురి ముత్తాతలు గీతకత్తి పట్టినవారే. కనుక రబ్బరుపాలలో మన చెమట పాలు కూడ కొంత ఉన్నది.

ఇక రెండవ సంగతి, పాలు పరుపు కావడం. ఈ పరిజ్ఞానమంతా విదేశీ పుస్తకాలలో కఠినమైన పరిభాషతో ఉంటుంది గాని, మన వంటింటి మాటలలో చెప్పుకుంటే ఎవరికైనా అర్థమవుతుంది.

పచ్చిపాలలో రబ్బరు మూడోవంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. తక్కినదంతా ముఖ్యంగా నీరు. ఊరికే ఉంచితే పాలు విరిగిపోతాయి. అందుకని తోటలోనే అమోనియా కలుపుతారు. తరువాత మీగడ తీయడం. పాల డెయిరీలో వెన్న వేరుచేసే యంత్రం వంటిదే రబ్బరుపాలకూ ఉంది. గిరగిర తిప్పితే నీరు చాలవరకు వేరుపడి, నూటికి అరవై పాళ్లు రబ్బరున్న చిక్కటి పాలు మిగులుతాయి. ఫ్యాక్టరీకి చేరేవి ఇవే.

ఫ్యాక్టరీలో ఈ చిక్కటిపాలలో గంధకం, జింక్ ఆక్సైడు, ఉడుకును త్వరపెట్టే మందులు, గాలికి ముసలితనం రాకుండా కాచే మందు, నురుగు నిలవడానికి సబ్బు కలుపుతారు. ఆపైన చిలకడం. కవ్వానికి బదులు యంత్రం; గాలి సన్నని బుడగలై పాలనిండా పరుచుకొని, పాలు అనేకరెట్లు పొంగుతాయి. ఈ పద్ధతి 1929లో ఇంగ్లండులో, డన్‌లప్ కంపెనీ ప్రయోగశాలలో ఇ. ఎ. మర్ఫీ బృందం చేతిలో రూపుదిద్దుకున్నది. వంటింట్లో కేకుపిండి గిలక్కొట్టే సాధనంతోనే ఆయన మొదట చిలికాడని ఆ పరిశ్రమలో కథగా చెప్పుకుంటారు.

నురుగును పుట్టించడం ఒక ఎత్తు, నిలబెట్టడం మరొక ఎత్తు. కాఫీ మీది నురుగు ఎంతసేపుంటుందో మనకు తెలుసు. మర్ఫీ బృందం సాధించిన అసలు విజయం ఇక్కడే. సోడియం సిలికోఫ్లోరైడు అనే లవణాన్ని చివరలో కలుపుతారు. అది నీటిలో మెల్లగా విడివడుతూ పాలను పులుపు వైపు తీసుకుపోతుంది. కొన్ని నిమిషాలకు నురుగంతా ఒక్కసారిగా పేరుకుంటుంది. అంటే అది తోడు. తోడు ముందుగా పేరుకుంటే అచ్చులో పోయడానికి వీలుండదు. ఆలస్యమైతే బుడగలు పగిలిపోతాయి. ఇంట్లో పెరుగు సరిగా తోడుకోవడం ఎంత నేర్పుతో కూడిన పనో తెలిసినవారికి ఆ నిమిషాల విలువ అర్థమవుతుంది.

పేరుకున్న నురుగును మూతవేసిన అచ్చులోనే ఆవిరిమీద సుమారు అరగంట ఉడికిస్తారు, ఇడ్లీ ఉడికించినట్లు. అచ్చు మూతకు వందలకొద్దీ లోహపు పుల్లలుంటాయి. పరుపులో నిలువునా కనబడే చిల్లులు వాటివే. గాలి ఆడడానికి ఆ చిల్లులు పెట్టారని దుకాణదారులు చెబుతారు. ఆ ఉపకారం కొంత ఉన్నమాట నిజమే గాని, అసలు కారణం గారెకు చిల్లు పెట్టడంలోని కారణమే: నడిమి భాగం కూడ సమంగా ఉడకాలి. తరువాత నీటితో బాగా కడిగి, రోలర్ల మధ్య పిండి, వేడిగాలిలో ఆరబెడతారు. కడగడం అన్నిటికన్న ముఖ్యం. మిగిలిపోయిన సబ్బు, మందులు, పాలలోని మాంసకృత్తులలో చాలావరకు పోయేది అక్కడే. రబ్బరుపాల మాంసకృత్తులు సరిపడని మనుషులున్నారు గనుక ఈ అంచెలో అశ్రద్ధ చిన్న తప్పు కాదు.

రెండవ పద్ధతికి తాలలే పద్ధతి అని పేరు. జోసెఫ్ తాలలే అనే ఆవిష్కర్త పేరు మీదుగా వచ్చినది. అందులో అచ్చును సగానికే నింపి, మూసి, లోపలి గాలిని లాగివేస్తారు. నురుగు తనంత తాను పొంగి అచ్చంతా నిండుతుంది. దానిని సున్నకు దిగువన 30 డిగ్రీల దాకా చల్లబరచి గడ్డకట్టించి, బొగ్గుపులుసు వాయువును పంపుతారు. సోడాబుడ్డిలోని పులుపే అక్కడ తోడవుతుంది. అటుపైన వేడిచేస్తారు. బుడగలు మరింత సమంగా నిలుస్తాయి, ఖర్చు పెరుగుతుంది. ఏది మేలు అన్నది వ్యాపారుల వాదం. డన్‌లప్ రకం దట్టంగా, గట్టిగా ఉంటుంది. తాలలే రకం తేలికగా, ఎక్కువ దిగేటట్లు ఉంటుంది. నడుముకు ఏది హితమో పడుకొని చూడవలసిందే.

ఇంతకూ గంధకం ఎందుకు? అది లేకుండా కుదరదా? కుదరదు. రబ్బరు అణువులు పొడవైన దారాల వంటివి. నులకమంచాన్ని తలచుకోండి. నులకతాళ్లను ఊరికే పట్టెల మీద పరిచి పడుకుంటే కిందపడతాం. ఒకదానితో ఒకటి అల్లి బిగిస్తేనే అది మంచం. ఉడుకులో గంధకం చేసే పని అదే – దారానికీ దారానికీ నడుమ ముడులు వేయడం. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్న ఈ విద్యకే వల్కనైజేషన్ అని పేరు. దానికి ముందు అమెరికాలో చేసిన రబ్బరు చెప్పులు, కోట్లు వేసవికి జిగటై కారిపోయేవి, చలికి పెళుసై విరిగిపోయేవి. గంధకం తగలని రబ్బరుపరుపును మన రోహిణీకార్తెలో ఊహించుకోండి. అది పరుపు కాదు, పనసజిగురు.

ఇప్పుడు దుకాణానికి వెళదాం. ఒకచోట పరుపులు చూపిస్తున్న కుర్రవాడు నాతో అన్నాడు: “ఇది డైరెక్టుగా చెట్టు నుంచి వస్తుంది సార్, కెమికల్ అనేది ఒక్క చుక్క కూడా ఉండదు.” మరి చెట్టుపాలు గట్టిపడ్డదెలా బాబూ అని అడిగితే, “ఎండబెడతారండీ” అన్నాడు. ఆ కుర్రవాణ్ణి నేను తప్పుపట్టను. అతనికి నేర్పినది అతను అప్పగించాడు. ఆ పాఠం రాసి ఇచ్చినవారికి మాత్రం నిజం తెలియదనుకోలేను.

చీటీలోని ‘నూటికి నూరుపాళ్లు సహజ లేటెక్స్’ అన్న మాటకు మహా అయితే ఒకటే అర్థం చెప్పుకోగలం: అందులోని రబ్బరంతా చెట్టుదే, కృత్రిమం కలపలేదు అని. పరుపంతా చెట్టుదే అని కాదు. కృత్రిమ రబ్బరు కూడ పుట్టుకతో దొంగ కాదు. 1942లో జపాను మలయాను, డచ్చి దీవులను ఆక్రమించుకొని రబ్బరు దారులు మూసివేసినప్పుడు అమెరికా యుద్ధప్రాతిపదికన తయారుచేసుకున్నది స్టైరీన్ బ్యుటడైయీన్ రబ్బరును. దానిని చెట్టుపాలతో కలిపి చేసే నురుగు నేటికీ ఉంది. తాలలే పరుపులలో చాలావరకు ఈ కలయికే. కలిపామని చెప్పి అమ్మితే దోషం లేదు. మూడవ రకం మరింత గడుసుది. అయిదంగుళాల పాలీయురేథేన్ స్పాంజి మీద ఒక అంగుళం లేటెక్స్ పొర పరచి, మొత్తాన్ని లేటెక్స్ పరుపని పిలవడం. పాయసం మీద రెండు జీడిపప్పులు వేసి జీడిపప్పు పాయసమన్నట్లు.

పాలీయురేథేన్ కథ తెలిస్తే ఈ గడుసుతనం ఎందుకు సాగుతున్నదో తెలుస్తుంది. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం ఆ రసాయనాన్ని సాధించింది. 1950లలో దానితో మెత్తని నురుగు చేయడం మొదలయింది. చెట్టు అక్కరలేదు, అచ్చు అక్కరలేదు, కడగడం అక్కరలేదు. పొడవాటి దిమ్మెగా పోసి కావలసిన మందానికి కోసుకోవడమే. చవక. కొద్ది దశాబ్దాలలోనే అది పరుపులలో రబ్బరుపాల నురుగును చాలావరకు పక్కకు నెట్టివేసింది. మన ఇళ్లలో మాత్రం లోపలి వస్తువు మారినా ‘డన్‌లప్ పరుపు’ అన్న మాట చాలాకాలం నిలిచిపోయింది. పేరు ఒకటి, పదార్థం ఒకటి కావడానికి మనం అప్పుడే అలవాటుపడ్డాము.

ఈ మాటల గారడీని పట్టించుకున్న ప్రభుత్వాలు లేకపోలేదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో, తమ పరుపుల నుండి హానికర ఆవిరులేవీ రావని ఆధారం లేకుండా ప్రకటించుకున్న మూడు కంపెనీలపై చర్య తీసుకున్నది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ప్రకటించింది: సహజం, సేంద్రియం, స్వచ్ఛం వంటి మాటలను తగిన వివరణ, ఆధారం లేకుండా ప్రకటనలలో వాడరాదు. ఇక ప్రపంచ సేంద్రియ లేటెక్స్ ప్రమాణమని ఒకటున్నది. ఈ రంగంలో అందరూ గౌరవంగా చెప్పుకొనే ఆ ప్రమాణం సైతం సేంద్రియ ముడిపదార్థం 95 శాతానికి మించి ఉండాలంటుందే గాని నూరు అనదు. నూరు కుదరదని దానికి తెలుసు. నిజం చెప్పే 95, అబద్ధం చెప్పే 100 కన్న పెద్ద అంకె.

“అయితే మన బూరుగుదూది పరుపే సహజమంటారా?” అని మీరడగవచ్చు. బూరుగుదూది మంచిదే. దాని పోగు లోపల బోలుగా, పైన మైనపుపూతతో ఉంటుంది గనుక తేలిక, నీరు త్వరగా అంటదు. ఒకప్పుడు ఓడలలో ప్రాణరక్షణ కవచాలలోనూ దానినే కూరేవారు. కాని ఆ పరుపు కూడ చెట్టుకు కాయలేదు. కాయ కోసి, గింజ తీసి, దూదేకులవారు విల్లుతో ఏకితేనే అది పరుపయింది. ఆ ధూళిని వారు జీవితమంతా పీల్చారు. కొన్నేళ్లకు గడ్డలుకట్టి మళ్లీ ఏకుడుకు వచ్చేది. ఆ పరుపు మీద ఎవరూ ‘సహజం’ అని చీటీ అంటించలేదు. అవసరం లేకపోయింది. వీధి అరుగు మీద మన కళ్లముందే కుట్లు విప్పేవారు, దూదంతా కుప్పపోసేవారు, పాతదెంతో కొత్తదెంతో మనమే తూచి చూసుకునేవాళ్లం. లోపల ఏముందో ఇంటిల్లిపాదికీ తెలుసు. మనం పోగొట్టుకున్నది సహజత్వం కాదు, ఆ తెలియడం.

ఆ పాత అలవాట్లలో ఒకటి మాత్రం ఈ కొత్త పరుపుకు శత్రువు. దూదిపరుపును ఎండలో వేయడం మన ఇళ్లలో ఆచారం; ఎండ తగిలితే దూది పొంగుతుంది, తేమ పోతుంది. రబ్బరుపాల నురుగుకు ఎండ విషం. అతినీలలోహిత కిరణాలకు, గాలిలోని ఆమ్లజనికి దాని దారాలు తెగి, పసుపురంగుకు తిరిగి, పైపొర పొడిపొడిగా రాలుతుంది. నీడలో, గాలి తగిలేటట్లు ఉంచాలి. తొడుగు తప్ప పరుపును ఉతకరాదు. పలకమంచమైతే కింద గాలి ఆడే సందులుండాలి. బరువెక్కువ గనుక తిప్పివేయడానికి ఇద్దరు కావాలి. ఇంతమాత్రం చేస్తే పది పదిహేనేళ్లు గుంటపడకుండా నిలుస్తుంది. పరుపుకు మందులు కలపలేదని నమ్మినవాడికి ఈ జాగ్రత్తలు తోచవు. సహజమైనదానికి ఎండ చెరుపెలా అవుతుందనుకొని, డాబా మీద వేసి చెడగొట్టుకుంటాడు. అందుకే, మాటలోని అబద్ధం మాటతో పోదంటాను.

చివరిది, గాటుపెట్టే చెయ్యి. రబ్బరు ధర 2011లో కిలో 240 రూపాయల దాకా పోయి, 2016 ఆరంభంలో నూరుకు దిగువన పడింది. ఆ పతనం చూసే కేరళ ప్రభుత్వం 2015లో చిన్న రైతులకు కిలోకు 150 రూపాయలు దక్కేటట్లు తేడాను తాను భరించే పథకం పెట్టింది. అయినా గిట్టుబాటుగాక గీత మానుకున్న తోటలెన్నో. ఆ నాటి ధరలో మన వెయ్యి గాట్ల రబ్బరు విలువ మూడు వేల రూపాయలు. దుకాణంలో పరుపు ధర దానికి ఎన్ని రెట్లో మీకు తెలుసు. ఆ తేడా అంతా దోపిడి అనను. మీగడ తీయాలి, చిలకాలి, ఉడికించాలి, కడగాలి, మోయాలి. కాని ప్రకటన బొమ్మలో పచ్చని చెట్టుంటుంది, తెల్లని చుక్క ఉంటుంది. తలదీపం పెట్టుకున్న మనిషి ఉండడు. ప్రకృతి ఇచ్చిందన్నప్పుడు ఎవరికీ కూలి బాకీ పడము. సహజం అన్న మాట వ్యాపారికి అంత ఇష్టం కావడంలో ఇదొక కారణమేమోనని నా అనుమానం.

కాబట్టి నా అభిప్రాయం ఇది. చీటీ మీద విశేషణాలు మాని వివరాలు రాయాలి. రబ్బరులో చెట్టుపాలెన్ని, కృత్రిమమెంత? ఏ పద్ధతిలో చేశారు? సాంద్రత ఎంత? లేటెక్స్ పొర మందమెంత, దాని కింద ఉన్నదేమిటి? పాలు ఏ ప్రాంతపు తోటలవి? బియ్యం బస్తా మీద రకమూ తూకమూ అడిగే మనం, జీవితంలో మూడోవంతు గడిపే వస్తువుకు ఇంతకన్న తక్కువ అడగడం న్యాయం కాదు. ఈ వివరాలు రాస్తే పరుపు గౌరవం తగ్గదు, పెరుగుతుంది. చెట్టు ఊరికే ఇచ్చిన వస్తువు కన్న, వెయ్యి గాట్లతో, తొంభై ఏళ్లకు పైగా నలిగిన ఒక విద్యతో తయారయిన వస్తువు గొప్పది కాదా?

ఈ పరుపులలో చాలావాటి తొడుగుకు జిప్పు ఉంటుంది. ఈసారి మీరు దుకాణానికి వెళ్లినప్పుడు ఆ జిప్పు తీసి చూపించమనండి. తీసి చూపించేవాడి దగ్గర కొనండి. ‘కంపెనీ సీలండీ, తీయకూడదు’ అనేవాడికి నమస్కారం పెట్టి వచ్చేయండి. అరుగు మీద దూదేకేవారు మనకు నేర్పిన పరీక్ష ఇదొక్కటే, అది ఈ నాటికీ చెల్లుతుంది. మీ ఊళ్లో ఇంకా విల్లుతో దూది ఏకేవారుంటే, ఆ పనికి అక్కడ వాడే మాటలేమిటో వీలుచూసుకొని రాయండి. నాకు తెలిసినవి చాలా తక్కువ.